నాడి దొరకని చెయ్యి

కోమలి అనే పేరు ఆమెకు ఏ కోశానా సరిపోదు. ఐరాలలో, ఆమె పుట్టింటి వీధిలో, ఆ మాట అనని మనిషి లేడు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎడమ చేత్తో కొడవలి పట్టుకుందని పెదనాయన అందరి ముందూ నెత్తిన మొట్టితే, ఏడవకుండా ఆ కొడవలి తీసుకుపోయి బావిలో పడేసి వచ్చింది. "ఇంక కొయ్యండి, కుడి చేత్తో" అన్నది. ఆ పొద్దు వీపు వాచింది గాని చేతి వాటం మారలేదు. అన్నం తినడానికి కుడి చెయ్యి. మిగతా లోకమంతా ఎడమ చెయ్యి.

పెళ్ళయి బంగారుపాళ్యం దగ్గరి పల్లెకు వచ్చింది. మొగుడు దయానంద్ తోటల నుంచి ఫ్యాక్టరీలకు మామిడికాయలు తోలే టెంపో డ్రైవరు. మెత్తని మనిషి. ఎవరేమన్నా నవ్వేసి ఊరుకుంటాడు. ఆ నవ్వే మొదట్లో కోమలికి నచ్చింది, పోనుపోను అదే ఒళ్ళు మండించింది. అత్త పోలేరమ్మకు కోడలి ఎడమ చెయ్యి మొదటి రోజు నుంచీ కంట్లో నలుసు. పుర్రచేత్తో ముగ్గేస్తే ఇంటికి అరిష్టమనేది. కోమలి ముగ్గు గిన్నె అత్త చేతికిచ్చి, "అయితే నువ్వే ఎయ్యి" అని లోపలికి పోయేది. పోలేరమ్మకు మోకాళ్ళ నొప్పులు. వంగలేదు. మర్నాటి నుంచి ఆ మాట మానేసింది.

మామిడికాలం వస్తే కోమలి హైవే పక్కన ఉన్న గుజ్జు ఫ్యాక్టరీలో పనికి పోయేది. పండ్లు బెల్టు మీద వస్తూ ఉంటాయి. ఆడవాళ్ళు రెండు వరసలుగా నిలబడి తొడిమలు కోసి, కుళ్ళిన చోటు చెక్కి, మంచి పండును ముందుకు తోస్తారు. కుడి చేత్తో పండు తిప్పుతూ ఎడమ చేత్తో కత్తి ఆడించే కోమలికి ఆ వరసలో సాటి లేదు. సూపర్‌వైజరు సుందరరాజు కొత్తగా చేరినవాళ్ళను తీసుకొచ్చి, "ఆమెను సూసి నేర్చుకోండి" అనేవాడు. ఆమె పనిలో ఉన్నంతసేపూ ఆ చెయ్యి ఎడమదని ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె బతుకులో ఆ చేతిని మెచ్చుకున్న చోటు అదొక్కటే.

ఒక ఏడు కాయల కాలం ముగిశాక ఆమెకు సన్నజ్వరం పట్టుకుంది. ఒళ్ళంతా నొప్పులు, తిండి సహించదు, బరువు దిగిపోయింది. పల్లెలో సూదులు వేసే మునిప్రసాద్ వచ్చి సెలైన్ ఎక్కించాడు. అతను డాక్టరు చదువు చదవలేదు గాని ఊరంతా అతన్ని డాక్టరనే పిలిచేది. జ్వరం తగ్గింది. మనిషి లేచి తిరిగింది. అందరూ అది మరిచిపోయారు.

మరుసటి కాలంలో కత్తి పట్టుకున్న చెయ్యి మాట వినడం మానేసింది. పని మొదలుపెట్టిన కాసేపటికే మోచేతి నుంచి వేళ్ళ దాకా బరువెక్కేది. తర్వాత పిండేసినట్టు నొప్పి. కత్తి కింద పెట్టి చెయ్యి వేలాడేసి నిలబడితే తగ్గేది, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అంతే. ఎండాకాలంలో కూడా ఆ వేళ్ళు చల్లగా ఉండేవి. ఒకసారి నిద్రలో ఉన్న నాలుగేళ్ళ కొడుకు వీపు మీద చెయ్యి వేస్తే వాడు ఉలిక్కిపడి లేచి, "ఏందమ్మా, ఐస్‌పెట్టెలో పెట్టినావా చెయ్యి?" అన్నాడు.

మునిప్రసాద్ నరాల బలహీనత అన్నాడు. ఆ చేతికే సూదులు వేశాడు. బీపీ చూసే చిన్న మిషను ఉండేది అతని దగ్గర. అది ఎడమ చేతికి కట్టి మీట నొక్కితే గుర్రుమని ఉబ్బి, కాసేపటికి తప్పు చూపించి ఆగిపోయింది. అతను మిషనును అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. బ్యాటరీలు మార్చాడు. చివరికి ఏదో అంకె పడింది.

"నీకుండేది లో బీపీ, మే. అందుకే నీరసం. ఉప్పు జాస్తిగా తిను. ఊరగాయ ఏసుకో. మజ్జిగలో ఉప్పేసుకొని తాగు."

కోమలి తిన్నది. డాక్టరు చెప్పాడని రోజూ గ్లాసెడు ఉప్పు మజ్జిగ తాగింది. తల పగిలిపోయేలా నొప్పి వచ్చేది. నీరసం వల్లే అనుకుని ఇంకొంచెం ఉప్పు వేసుకునేది.

నొప్పి తగ్గకపోతే చిత్తూరుకు పోయి ఒక ఎముకల డాక్టరుకు చూపించుకుంది. ఆయన మెడకు ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, మెడ ఎముక అరిగిందన్నాడు. పట్టీ కట్టుకోమన్నాడు. ఫిల్మును అంతసేపు చూసినవాడు ఆమె చేతిని మాత్రం ముట్టుకోలేదు. ఆవిరి కక్కే ఫ్యాక్టరీలో, మామిడి రసం జిగటలో, మెడకు ఆ మందపాటి పట్టీ చుట్టుకుని కోమలి బెల్టు ముందు నిలబడింది. చెమటకు మెడ ఒరుసుకుపోయింది. చెయ్యి చల్లగానే ఉంది.

దీనికి తోడు కొత్తగా కళ్ళు తిరగడం మొదలైంది. చేతికి ఊపు ఇచ్చి నాలుగు పండ్లు గబగబా కోసిందంటే చాలు, బెల్టు మీది పండ్లన్నీ ఒక పక్కకు జారిపోతున్నట్టు అయ్యేది. బెల్టు అంచు పట్టుకుని నిలబడేది. ఒకసారి అలా నిలబడినప్పుడే సుందరరాజు చూశాడు.

"ఏమి కోమలీ, నిలబడి నిద్రపోతాండావా?"

"చెయ్యి పడిపోతా ఉండాది సార్. తల తిరగతాది."

అతను ఆమె చేతి వంక చూశాడు. దాని మీద వాపు లేదు, దెబ్బ లేదు, మచ్చ లేదు. "చెయ్యి బాగానే ఉండాదే! పోయినేడు మెచ్చుకున్న్యానని ఈ ఏడు సోంబేరి అయిపోయినావు" అన్నాడు, వరస మొత్తానికీ వినబడేలా.

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. కోమలి ఆ సాయంత్రం ఇంటికి పోయి దయానంద్‌కు చెప్పింది. వాకిట్లో అతని తోటి డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. దయానంద్ అలవాటుగా నవ్వాడు. "పని తప్పించుకునేదానికి మంచి ఉపాయమే పట్టినావు!" అన్నాడు. వాళ్ళూ నవ్వారు. లోపలి నుంచి పోలేరమ్మ, "పుర్రచేత్తో చేసిన పనికి దేవుడు ఎన్నాళ్ళు ఊరుకుంటాడు?" అన్నది.

సుందరరాజు మాట ఆమెను మండించింది. అత్త మాట ఆమెకు పాతదే. మొగుడి నవ్వును మాత్రం ఆమె మరిచిపోలేదు. ఆ రోజు నుంచి అతనికి తన చెయ్యి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పళ్ళు బిగబట్టుకుని పనికి పోయింది. అందరిదీ తప్పని, తనది నిజమని తెలిసి కూడా చూపించడానికి ఏమీ లేకపోవడం కంటే మండించేది ఇంకొకటి లేదు. దెబ్బ తగిలితే కట్టు కనిపిస్తుంది. జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది. ఈ చెయ్యి అందరి ముందూ మంచిదానిలా నటించి, ఆమె ఒక్కతెనే ఏడిపించేది.

కాలం జోరుగా ఉన్న ఒక మధ్యాహ్నం, లారీలు గేటు బయట బారులు తీరి ఉండగా, సుందరరాజు బెల్టు వేగం పెంచాడు. కోమలి చెయ్యి ఆడించింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆపలేదు. కళ్ళ ముందు చీకటి తెర ఒకటి జారింది. ఎడమ చేతిలో కత్తి ఎటు పోతోందో ఆమెకు తెలియలేదు, పండు పట్టుకున్న కుడి అరచేతిలో దిగింది. తెలివి వచ్చేసరికి ఆమె తడి నేల మీద ఉంది. ఎవరో చెంగు చించి అరచేతికి చుడుతున్నారు. పైనుంచి సుందరరాజు గొంతు వినబడింది: "జాగ్రత్త లేకుండా పని చేస్తే ఇట్లే అవుతాది."

ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయేదాకా కోమలి నోరు మూతపడలేదు. సుందరరాజును తిట్టింది. ఫ్యాక్టరీని తిట్టింది. వార్త విని పరుగెత్తుకొచ్చిన దయానంద్‌ను, "నవ్వుకో, ఇంకా నవ్వుకో! ఆ డ్రైవర్లనీ పిలుచుకొని రా నవ్వేదానికి!" అని ఆసుపత్రి వరండా అంతా దద్దరిల్లేలా అరిచింది.

ఆ పూట డ్యూటీలో ఉన్నది హేమశ్రీ అనే చిన్న వయసు డాక్టరు. ఆమె కోమలి కుడి అరచేతికి కుట్లు వేస్తుంటే, నర్సు ఖాళీగా ఉన్న ఎడమ చేతికి బీపీ పట్టీ కట్టింది. రెండుసార్లు చూసి గాబరా పడింది.

"డాక్టరమ్మా, ఎనభై కూడా సరిగ్గా రావడం లేదు. నెత్తురు శానా పోయినట్టుండాది. సెలైన్ పెట్టేదా?"

హేమశ్రీ కుట్టు వేస్తూనే తల ఎత్తి చూసింది. కోమలి మంచం మీద నిటారుగా కూర్చుని దయానంద్ ఏడుతరాల మీద వివరంగా మాట్లాడుతోంది.

"ఆగండి సిస్టర్. అంత తక్కువ బీపీ ఉన్న మనిషి తల కూడా ఎత్తలేదు. ఈమె చూడండి, గోడలు అదిరేలా అరుస్తోంది."

కుట్లు ముగించి పట్టీ తీసి కుడి చేతి దండకు కట్టింది. నూట డెబ్బై. ఆమె మొహం మారిపోయింది. పట్టీ పక్కన పడేసి కోమలి రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది. కుడి మణికట్టు దగ్గర నాడి ఎగిరెగిరి పడుతోంది. ఎడమ మణికట్టు దగ్గర ఏమీ లేదు. వేళ్ళు పైకి, కిందికి జరిపి వెతికింది. మోచేతి మడతలో వెతికింది. తర్వాత స్టెతస్కోపు తీసి ఎడమ కాలరు ఎముక పైన పెట్టి వింది.

"అమ్మా, ఈ చెయ్యి ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

ఎవరైనా ఆ చేతి గురించి ఆమెను సరిగ్గా ప్రశ్న అడగడం అదే మొదటిసారి. కోమలి అరుపు ఆపేసింది. మొదటి నుంచీ అంతా చెప్పింది: చల్లదనం, నొప్పి, కళ్ళు తిరగడం, మెడ పట్టీ, ఉప్పు మజ్జిగ.

"ఉప్పా? ఎవరు తినమన్నారు?" అన్నది హేమశ్రీ. "నీకు ఉన్నది హై బీపీ. ఈ ఎడమ చేతికి రక్తం పోయే దారి దాదాపు మూసుకుపోయింది. అందుకే ఆ చేతికి చూస్తే తక్కువ చూపిస్తుంది. అది చూసి ఉప్పు తినమన్నారు."

కోమలి తన ఎడమ చేతి వంక చూసుకుంది. "అంటే నాకు నిజంగానే జబ్బుండాదా?" అన్నది.

"ఉంది. నిజంగానే ఉంది."

జబ్బు ఉందంటే మనిషి భయపడాలి. కోమలికి ముందు గుండెల్లోంచి బరువు దిగింది. ఆ దిగిన చోట నిప్పు రాజుకుంది. గోడ పక్కన నిలబడిన దయానంద్ వైపు తిరిగి, "విన్న్యావా?" అన్నది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడడం అతను ఎప్పుడూ వినలేదు. అతని మొహంలో నవ్వు లేదు.

హేమశ్రీ తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ రంగు మందు ఎక్కించి స్కాను తీశారు. యోగానంద అనే పెద్ద డాక్టరు ఆ బొమ్మను కంప్యూటరు తెర మీద వాళ్ళకు చూపించాడు. గుండె దగ్గర నుంచి బయలుదేరిన పెద్ద నాళం, దాని నుంచి కాలరు ఎముక వెనకగా ఎడమ చేతికి పోయే కొమ్మ. కుడివైపు కొమ్మ బొటనవేలంత లావుగా కనబడింది. ఎడమవైపుది ఒకచోట దారంలా సన్నబడిపోయింది.

"ఒంట్లో రోగాలను ఎదిరించాల్సిన శక్తే దారితప్పి నీ రక్తనాళాల గోడల మీద పడిందమ్మా. గోడలు వాచి దారి మూసుకుంది. అప్పుడు వచ్చిన సన్నజ్వరం దానిదే. చెయ్యి గట్టిగా పని చేస్తే రక్తం చాలక, మెదడుకు పోయేదాన్ని కూడా ఆ చెయ్యి తనవైపు లాక్కుంటుంది. అందుకే కళ్ళు తిరుగుతాయి. ఈ జబ్బు ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్ళకే వస్తుంది."

"దీనికి కూడా ఆడోళ్ళే దొరికినారా?" అన్నది కోమలి.

డాక్టరు నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి ఆగాడు. దారి తెరవడానికి బెలూన్ పెడతామన్నాడు. తిరునాళ్ళలో అమ్మే బుడగ తన ఒంట్లో పెడతారా అని ఆమె అడిగింది. "అలాంటిదే, గట్టిది. సన్న తీగ మీద మడిచి ఉంటుంది. ఇరుకైన చోటికి పోయాక ఉబ్బిస్తాం. దారి వెడల్పయ్యాక తీసేస్తాం. కానీ ఇప్పుడే కాదు. ముందు ఆ వాపు మంట చల్లారాలి. మంట మీద ఉన్న గోడను తెరిస్తే మళ్ళీ మూసుకుంటుంది."

అలా కొన్ని నెలలు మాత్రలు మింగింది. బీపీకి వేరేగా, మంటకు వేరేగా. మాత్రల వేడికి ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా ఉబ్బింది. వీధిలో ఆడవాళ్ళు ఆమెను ఆపి, "ఏమి కోమలీ, పనికి పోకుండా కూసోని బాగా కండ పట్టినావే!" అనేవాళ్ళు. ఆమె ఇచ్చిన జవాబులు ఇక్కడ రాయదగినవి కావు.

నెత్తురు పరీక్షలో మంట తగ్గిందని తేలాక ఆమెను చేర్చుకున్నారు. చల్లటి గదిలో, సన్నని బల్ల మీద పడుకోబెట్టారు. తొడ మొదట్లో తిమ్మిరి సూది వేసి, అక్కడి నాళంలోంచి తీగను పైకి పోనిచ్చారు. మనిషికి పూర్తిగా తెలివి ఉంది. పక్కన తెర మీద తన లోపలి చీకట్లో ఒక సన్నని గీత పాకుతూ పోవడం చూసింది.

"ఇప్పుడు ఉబ్బిస్తున్నాం. నొప్పి వస్తే చెప్పమ్మా" అన్నాడు యోగానంద.

నొప్పి వచ్చింది. భుజం వెనక ఎవరో గడ్డపార దిగేసి తిప్పినట్టు వచ్చింది. "దించండి! దించండి సార్!" అని అరిచింది. దించారు. తెర మీద దారి కొంచెమే తెరుచుకుంది. ఆ గోడ బండబారి ఉందని, ఇంకోసారి చెయ్యాలని అన్నారు. కోమలి కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆ నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపకూడదన్నారు.

"చెయ్యండి" అన్నది. "ఈసారి నేను దించమన్న్యా దించొద్దు."

రెండోసారి కొంచెం. దానికంటే పెద్ద బెలూన్ మార్చి మూడోసారి. ఆ మూడోసారి ఆమె అరవలేదు. ఎవరెవరినో ఒక్కొక్కరినే మనసులో తలుచుకుంది. వాళ్ళ మీద కోపమంతా పళ్ళ మధ్య పెట్టి కొరికింది. బెలూన్ దించగానే భుజంలో ఏదో ఒకటి వదులైంది. మోచేతి మీదుగా వేళ్ళలోకి వెచ్చగా, చీమలు పాకినట్టుగా, ఏదో దిగసాగింది. తెర మీద ఆ దారం ఉన్న చోట ఇప్పుడు వేలంత గీత ఉంది. టెక్నీషియన్ ఆమె ఎడమ మణికట్టు పట్టుకుని, "వచ్చింది సార్, బాగా కొడుతోంది" అన్నాడు.

వార్డుకు తెచ్చాక దయానంద్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఆ వేళ్ళను ముట్టుకున్నాడు. "వెచ్చగా ఉండాయి" అన్నాడు. అంటూనే ఏడ్చాడు.

కోమలి అతన్ని ఏడవనిచ్చింది. తర్వాత అన్నది: "ఇన్నాళ్ళూ ఈ చెయ్యి నీ పక్కలోనే కదా ఉండింది. ఒక్కనాడన్నా పట్టుకొని సూసినావా? సల్లగా ఉండాదని నాలుగేండ్ల పిలగానికి తెలిసింది. నీకు తెలీల్యా."

"తప్పు నాదే."

"నీదే. నేనేమన్నా కాదంటి‌నా?" అని మొహం తిప్పుకుంది. నయమైపోతే కోపం పోతుందని ఆమె అనుకుంది. పోలేదు. చెయ్యి చచ్చుబడి ఉన్నప్పుడు కోప్పడడానికి కూడా సగం బలమే ఉండేదని, మిగతా సగం ఇప్పుడు వచ్చి చేరిందని ఆమెకు అర్థమైంది.

మామిడికాలం మొదలయ్యాక ఆమె ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయింది. షిఫ్టు మారే వేళ. ఆడవాళ్ళు గుంపుగా బయటికి వస్తున్నారు. సుందరరాజు వాళ్ళ వెనక వచ్చాడు. ఆమెను చూసి, "రా కోమలీ, బాగైందంట కదా. రేపట్నుంచి వచ్చెయ్, నీ చోటు నీకే" అన్నాడు.

"చోటు కోసం రాల్యా సార్. ఆ పొద్దు వరసంతా విన్న్యారు సోంబేరినని. ఈ పొద్దు కూడా వరసంతా ఉండారు. నాకు జబ్బుండిందని మీ నోటితో చెప్పండి."

సుందరరాజు అటూ ఇటూ చూశాడు. "నాకేమి తెలుసు మే? నేను డాక్టరునా?"

"డాక్టరు కాకపోతే చెయ్యి బాగుండాదని ఎట్ల చెప్పినారు?"

అతను గొణిగాడు. లారీ ఒకటి వెనక హారన్ కొడుతోంది. కోమలి దారికి అడ్డంగా అక్కడే నిలబడింది. చివరికి, "సరే, ఉండింది. జబ్బే ఉండింది. నేననింది తప్పు. సాలునా?" అని లోపలికి పోయాడు. కోమలి లారీకి దారి వదిలి పక్కకు జరిగింది. ఆ వరసలోకి మళ్ళీ పోలేదు. రోజంతా ఒకే పని చేసే బరువు ఆ చేతికి పెట్టొద్దని డాక్టరు ముందే చెప్పాడు. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో చేరింది.

బెలూన్‌తో కథ అయిపోలేదు. ఏడాది తిరక్కముందే వేళ్ళు మళ్ళీ చల్లబడ్డాయి. ఈసారి ఆమె ఎవరికీ చూపించి ఒప్పించే పని పెట్టుకోలేదు. తన మణికట్టు తనే పట్టి చూసుకుని, నాడి సన్నగిల్లిందని తెలుసుకుని, తిరుపతి బస్సెక్కింది. ఈ జబ్బులో ఇలా మళ్ళీ ఇరుకవడం ఉంటుందని యోగానంద చెప్పి, మళ్ళీ బెలూన్ పెట్టాడు. మందులు పెంచాడు. ఎన్నిసార్లు చెయ్యాలని ఆమె కోపంగా అడిగితే, "తెలియదమ్మా" అన్నాడు. తెలియదని ఒప్పుకున్న డాక్టరును ఆమె ఏమీ అనలేకపోయింది.

మొన్నామధ్య వీధి చివరి అమల చెయ్యి నొప్పని మునిప్రసాద్ దగ్గరికి వచ్చింది. అతను సూది మందు లాగుతున్నాడు. కోడలి వెంట తోడుగా వచ్చిన అమల అత్త, "పనంటే నొప్పి దీనికి" అంటోంది. తన అత్త పోలేరమ్మకు మోకాలి మాత్రల కోసం వచ్చిన కోమలి ఆ మాట విన్నది.

"సూది పక్కన పెట్టు" అన్నది మునిప్రసాద్‌తో.

"నీకేందిమే మధ్యలో?"

"రెండు చేతులకీ బీపీ సూడు. నాడి సూడు. ఆ తర్వాత ఎయ్యి సూది."

గొడవైంది. అమల అత్త అరిచింది. నలుగురూ మూగారు. మునిప్రసాద్ కోమలి నోటికి జడిసి చివరికి మిషను తీశాడు. కుడి చేతికి కట్టాడు, ఎడమ చేతికి కట్టాడు. రెండింటికీ ఒకటే అంకె. కోమలి తనే అమల మణికట్లు రెండూ పట్టుకుంది. రెండు నాడులూ సమంగా, నిండుగా కొడుతున్నాయి. అమలకు ఉన్నది టమోటా గంపలు మోసిన నొప్పి, అంతే.

మూగినవాళ్ళు నవ్వారు. "ఏమి డాక్టరమ్మా, తేల్చినావా?" అన్నాడొకడు.

"బాగుండాది. బాగుంటే మంచిదే" అన్నది కోమలి, ఏమాత్రం తగ్గకుండా. "సూసి బాగుండాదనండి. సూడకుండా అన్న్యారంటే మాత్రం నేను ఊరుకోను." అమల అత్త వైపు తిరిగింది. "గంపలు మోసిన చెయ్యి అది. నాలుగు దినాలు పని చెప్పొద్దు దానికి. వేన్నీళ్ళు కాచి పొయ్యి."

ఆ గొడవలో పోలేరమ్మకు కావలసిన మాత్రలు మరిచిపోయి కోమలి ఇంటికి పోయింది. వాటి కోసం మళ్ళీ రావలసి వచ్చింది.